ఆల్డర్ బెండ్‌లో ఒకే ఒక్క తాళం

ఆల్డర్ బెండ్ జనాభా మూడు వందల ఎనభై ఏడు. నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య, ఊరి మొదట్లో ఉన్న బోర్డు మీద అలాగే రాసి ఉంటుంది. నిరుడు ఒకరింట్లో కవలలు పుట్టారు గానీ, అదే నెలలో ఇద్దరు ముసలాళ్ళు పోయి లెక్క సరిచేశారు కాబట్టి రంగు డబ్బా మూత తీసే పని పడలేదు. ఇంతమందికీ కలిపి ఒక్కడే పోలీసు. పేరు ఎమిల్ హ్రుష్కా. అరవై మూడేళ్ళు, ఆరడుగుల పొడుగు, నడుము దగ్గర ఇద్దరు మనుషుల వెడల్పు. ఊరికున్న ఆ ఒక్క పోలీసునే మార్షల్ అంటారు. మార్షల్ నడుముకి తుపాకీ ఉంటుంది. గత పదకొండేళ్ళలో అది తిత్తిలోంచి బయటికొచ్చింది ఒకేసారి, దాని వెనకాల ఇరుక్కున్న కొలాచీ ముక్కని లాగడం కోసం.

కొలాచీ అంటే మా ఊరికి ప్రాణం. మెత్తటి రొట్టె మధ్యలో గుంట చేసి గసగసాల ముద్దో పండ్ల ముద్దో పెట్టి కాలుస్తారు. మా ఊళ్ళో ట్రక్కుల తాళంచెవులు ట్రక్కులకే వేలాడుతుంటాయి. అవసరం పడ్డవాడు వీధిలో దగ్గరగా ఉన్న బండి తీసుకుపోతాడు. తిరిగి తెచ్చేటప్పుడు కాస్త పెట్రోలు పోయించి, సీటు మీద ఒక కొలాచీ పెట్టి వదిలేస్తాడు. గసగసాలది పెడితే నిజంగా మేలు పొందాడని అర్థం. ఆల్‌బుకరాది పెడితే ఇంట్లో అదే మిగిలిందని అర్థం. ఇక ఇళ్ళ తలుపులంటారా, వాటికి చెవులు ఉండేవని పెద్దవాళ్ళు చెబుతారు.

ఇలాంటి చోట పోలీసు ఏం చేస్తాడు? ప్రతి జనవరిలో ఎమిల్ ఒక ఫారం నింపుతాడు. అది రాష్ట్రం నుంచి వస్తుంది. హత్యలు ఎన్ని, దోపిడీలు ఎన్ని, ఇళ్ళలో పడ్డ దొంగలు ఎందరు, పోయిన బండ్లు ఎన్ని, ఒక్కోదానికీ ఒక్కో గడి. పదకొండేళ్ళుగా ఆ గడులన్నిట్లో ఎమిల్ సున్నాలే వేస్తున్నాడు. నీలం సిరాతో, గుండ్రంగా, ఒకదానికొకటి తగలకుండా, చిన్నపిల్లలు చందమామని గీసినంత శ్రద్ధగా వేస్తాడు.

ఆ సున్నాలు మొదలవక ముందు, పదకొండేళ్ళ క్రితం, ఒకసారి ఒకటి అంకె వేయాల్సి వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు ఏటి దగ్గర కొట్టుకున్నారు. తమ్ముడు అన్నని తోసేసి గాలపు కర్ర లాక్కుపోయాడు. బలవంతంగా లాక్కుంటే అది దోపిడీ అని పుస్తకంలో రాసి ఉంది, ఎమిల్ పుస్తకం ప్రకారం పోయే మనిషి. దోపిడీ, ఒకటి, అని రాశాడు. రాష్ట్రంవాళ్ళు దాన్ని జనాభాతో భాగించి, లక్ష మందికి రెండు వందల యాభై ఎనిమిది దోపిడీలు అని అచ్చేశారు. పెద్దపెద్ద నగరాలన్నీ మా వెనకాల దుమ్ము మింగుతూ నిలబడ్డాయి. ఒక పత్రికలో ఆల్డర్ బెండ్ పేరు ఎర్రక్షరాల్లో వచ్చింది. ఆ వేసవంతా హైవే మీద పోయే కార్లు మా ఊరొచ్చేసరికి అద్దాలు ఎక్కించుకుని వేగం పెంచేవి. ఆ అన్నదమ్ములు పోయిన క్రిస్మస్‌కి కూడా ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేశారు. గాలపు కర్ర ఇప్పుడు అన్న దగ్గరే ఉంది.

అప్పట్నుంచీ ఎమిల్‌కి అంకెలంటే కొంచెం అనుమానం. అసలు దెబ్బ మాత్రం ఆ తర్వాత రెండేళ్ళకి తగిలింది.

వాట్స్‌లావ్ మారెక్ అని ఒక వడ్రంగి ఉండేవాడు. ఒంటరివాడు, మాట తక్కువ. ఒక మార్చి నెలలో వంటింట్లో కాలు జారి పడ్డాడు. తలుపు తీసే ఉంది. వీధిలో జనం అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. మూడో రోజు ఎమిల్ వెళ్ళి చూసేసరికి పొయ్యి మీద గిన్నె అలాగే ఉంది, మనిషిలో ప్రాణం లేదు. ఎవరి తప్పూ కాదు. ఎవరూ ఏమీ దొంగిలించలేదు, ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. తర్వాతి జనవరిలో ఫారం ముందు కూర్చుని ఎమిల్ ప్రతి గడీ రెండేసి సార్లు చదివాడు. మారెక్‌ని రాయడానికి అందులో గడి లేదు. ఆ ఏడు కూడా అన్నీ సున్నాలే వెళ్ళాయి.

మారెక్ పోయిన వారమే, ఆదివారం చర్చి అయ్యాక ఎమిల్ బయట మెట్ల మీద నిలబడి, జీవితంలో ఎప్పుడూ మాట్లాడనంత పొడుగ్గా మాట్లాడాడు. అంటే నాలుగు వాక్యాలు. ప్రతి ఇంట్లో పొద్దున్న ఏడుకల్లా వంటింటి కిటికీ తెర పైకెత్తి ఉండాలి. తాను ఏడింటికి ఊరంతా నడుస్తాడు. తెర దించి ఉన్న ఇల్లు కనబడితే తలుపు కొట్టకుండా లోపలికి వచ్చేస్తాడు. ఎవరు ఏ బట్టల్లో ఉన్నా తన పూచీ లేదు.

తొమ్మిదేళ్ళుగా అదే నడుస్తోంది. వాన, మంచు, పండగ, జ్వరం, ఏదీ అడ్డం కాలేదు. నూట అరవై రెండు ఇళ్ళు, గంటంపావు నడక. తిరిగొచ్చాక చిన్న పుస్తకంలో ఒకే లైను రాసుకుంటాడు: అన్ని తెరలూ లేచాయి. ఆ పుస్తకాల్లో అక్కడక్కడా వేరే లైన్లు కూడా ఉన్నాయి. ఫలానా ఇంట్లో తెర లేవలేదు, వెళ్ళాను, ఒంట్లో చక్కెర పడిపోయింది, పళ్ళరసం తాగించాను. ఫలానా ఇంట్లో తెర లేవలేదు, వెళ్ళాను, కొత్త జంట, క్షమాపణ చెప్పి వచ్చేశాను.

ఇంతవరకూ ఊరందరికీ తెలిసిందే. తెలియనిది ఒకటుంది. ఎమిల్ రాత్రి పడుకునే ముందు తన ఇంటికి తాళం వేసుకుంటాడు.

ముందు తలుపుకీ, వెనక తలుపుకీ వేస్తాడు, కిటికీలకి గడియలు బిగిస్తాడు. చప్పుడు కాకుండా తాళంలో నూనె పోస్తాడు. పొద్దున్న ఆరున్నరకి వంటింటి తెర ఎత్తి, వెంటనే తాళాలు తీసేసి, చెవి జేబులో వేసుకుని, ఏమీ ఎరగనట్టు కాఫీ పెట్టుకుంటాడు. దీనికి కారణం రాష్ట్రం పంపే నెలవారీ నేరాల పత్రిక. ఎక్కడెక్కడ ఏ తలుపులు పగిలాయో అందులో వరసగా ఉంటుంది. ఊళ్ళో అది చదివేది ఒక్క ఎమిలే, తాళం వేసేదీ ఒక్క ఎమిలే. భార్య ఉన్నప్పుడు ఆవిడ నవ్వేది. ఆవిడ పోయాక నవ్వేవాళ్ళు లేక ఆ అలవాటు ముదిరింది. ఇది బయటపడితే ఊళ్ళో తల ఎత్తుకోలేనని ఆయన భయం. కాపలా కాసేవాడే ఊరిని నమ్మలేదంటే ఏం బాగుంటుంది?

ఇలా ఉండగా ఈ వసంతంలో ఊరి ఈతకొలను పగిలింది. ఊరి పాలక బోర్డు సభ్యులు ఐదుగురూ కూర్చున్నారు. బోర్డుకి పెద్ద రోలండ్ కుచెరా, ధాన్యం గోదాం నడుపుతాడు. మనిషి మంచివాడు, కాకపోతే లెక్క కనబడితే ఆగలేడు. అతను ఎమిల్ పంపిన పదకొండేళ్ళ ఫారాలు తెప్పించి బల్ల మీద పరిచాడు. ఇన్ని సున్నాలున్న ఊరికి పోలీసు దేనికి, జిల్లా షెరీఫ్ నలభై మైళ్ళలో ఉన్నాడు కదా, పిలిస్తే వస్తాడు, ఆ జీతంతో పిల్లలకి ఈతకొలను బాగవుతుంది, అన్నాడు. అందులో పగ ఏమీ లేదు. ఎమిల్ ఎదురుగానే అన్నాడు, అంటూ ఆయన కప్పులో కాఫీ కూడా పోశాడు. మే రెండో మంగళవారం సాయంత్రం ఓటింగు అని పెట్టుకున్నారు.

 నేరాలుంటే చేతకాని పోలీసు అంటారు, లేకపోతే అక్కర్లేని పోలీసు అంటున్నారు. ఆ గుండ్రటి సున్నాల్ని ఇన్నాళ్ళూ తన గొంతుకే ఉరితాడులా పేనుతున్నానని ఎమిల్‌కి ఆ రోజే తెలిసింది. ఉద్యోగం పోతే జీతం సంగతి అటుంచి, పొద్దున్న ఏడింటికి ఏ అధికారంతో ఇంకొకరి కిటికీలోకి చూడాలి? అదీ ఆయన్ని నమిలేస్తున్నది.

ఊరు మాత్రం ఊరుకోలేదు. బ్లాంచ్ జెలెంకా హోటల్లో, కాఫీల దగ్గర, సాయం చేయడానికి జనం పోటీపడ్డారు. మన మార్షల్‌కి నేరాలు కావాలంటే మనం చేయలేమా అని. ఒకతను పక్కింటి గడ్డికోత యంత్రం ఎత్తుకొస్తానన్నాడు.

"అది మూడేళ్ళ కిందటే తెచ్చావుగా," అంది బ్లాంచ్ కప్పులు తుడుస్తూ. "ఇప్పుడు కొత్తగా దొంగిలించాలంటే ముందు తిరిగిచ్చేయాలి."

"తిరిగివ్వమంటే కష్టం," అన్నాడతను.

"చూశావా ఎమిల్, నిఖార్సయిన దొంగ. పట్టుకెళ్ళు."

అందరూ నవ్వారు. ఎమిల్ నవ్వలేదు. లేని నేరం రాయనని, ఉన్న నేరం దాచనని, రెండు దోపిడీలు రాస్తే చాలు ఈ ఊరు దేశంలోనే మొదటి స్థానానికి పోతుందని చెప్పి టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ పొడుగు మనిషి వంగి నడవడం ఊరు మొదటిసారి చూసింది.

ఓటింగు రోజు వచ్చింది. అంతకు ముందు వారమంతా వాన. మంగళవారం పొద్దున్న ఆరుకి లేవగానే ఎమిల్‌కి ఒక ఆలోచన తట్టింది. తొమ్మిదేళ్ళ చిన్న పుస్తకాలన్నీ నేలమాళిగలో ఒక అట్టపెట్టెలో ఉన్నాయి. వాటిని బోర్డు ముందు పెడితే? ఫారంలో లేని గడులు వాటిల్లో ఉన్నాయి కదా. ఆ ఉత్సాహంలో తెర ఎత్తలేదు, తాళం తీయలేదు, నేరుగా కిందికి దిగాడు. పెట్టె ఎత్తుకుని తిరిగి ఎక్కుతుంటే, వాన నీళ్ళు ఊటగా దిగి మెట్లు పాచిపట్టి ఉన్నాయి. నాలుగో మెట్టు మీద కాలు జారింది.

స్పృహ తప్పలేదు, తప్పితే బాగుండేది. ఎడమకాలు మోకాలి కింద ఉండకూడని వైపు తిరిగి ఉంది. చీలమండ లోతు నీళ్ళలో వెల్లకిలా పడి ఉన్నాడు. చుట్టూ పుస్తకాలు తేలుతున్నాయి. అన్ని తెరలూ లేచాయి, అన్ని తెరలూ లేచాయి, అంటూ సిరా కరిగి నీళ్ళు నీలంగా మారుతున్నాయి.

ఎమిల్ పద్ధతిగా ఆలోచించే మనిషి కాబట్టి పద్ధతిగా ఆలోచించాడు. ఈ ఊళ్ళో తెర లేవని ఇంటికి ఎవరు వెళతారు? మార్షల్ వెళతాడు. మార్షల్ ఎక్కడున్నాడు? ఇక్కడున్నాడు. సాయంత్రం మీటింగుకి రాకపోతే? అవమానం భరించలేక రాలేదనుకుంటారు, మర్యాదగా రెండు రోజులు వదిలేస్తారు. పైగా తలుపుకి తాళం. ఆయనకి మారెక్ వంటింట్లో పొయ్యి మీది గిన్నె గుర్తొచ్చింది. ఆ గిన్నెలో ఏముందో ఆ రోజు తాను చూడలేదని కూడా గుర్తొచ్చింది.

అప్పుడు పైన వసారా చెక్కల మీద అడుగుల చప్పుడు వినబడింది. ఒక జత కాళ్ళు, వెనకే ఇంకో జత, ఆ తర్వాత లెక్క తప్పింది. వసారా మొత్తం గుర్రాలశాలలా దడదడలాడింది. ఎమిల్ గడియారం చూసుకున్నాడు. ఆరూ నలభై నాలుగు.

"ఎమిల్!" అని బ్లాంచ్ గొంతు. "ఉన్నావా, పోయావా?"

ఎమిల్ శక్తి కొద్దీ అరిచాడు. నేలమాళిగలో ఉన్నానని, కాలు విరిగిందని చెప్పాడు. పైన అందరూ ఒక్కసారి ఊపిరి వదిలిన చప్పుడు కింద దాకా వినబడింది. ఎవరో తలుపు నెట్టారు. తలుపు రాలేదు. ఇద్దరు నెట్టారు. రాలేదు.

"వానకి చెక్క ఉబ్బింది," అన్నాడు రోలండ్. గోదాం నుంచి పరిగెత్తుకుంటూ వచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు. "మా గోదాం తలుపూ అంతే. భుజం పెట్టండి."

నలుగురు భుజాలు పెట్టారు. ఎవరో వెనక తలుపు దగ్గరికి పరిగెత్తి అదీ ఉబ్బిందని చెప్పారు. కిటికీలు చూసొచ్చినవాళ్ళు అవి కూడా ఉబ్బాయన్నారు. మొత్తం ఇల్లే ఎలా ఉబ్బుతుందని ఒకరు, ఎమిల్ చాలా ఏళ్ళుగా రంగు వేయించలేదుగా అని ఇంకొకరు. ఒకతను చిత్రిక తేవడానికి వెళ్ళాడు. ఒకావిడ అంచులకి వెన్న రాద్దామంది. అంతమంది బుర్రల్లో ఒక్క బుర్రకి కూడా ఆ ఒక్క మాట తట్టలేదు. తట్టడానికి, వాళ్ళు పుట్టి బుద్ధెరిగాక ఒకరి ఇంటికి వెళ్ళినప్పుడు అలాంటిది ఎప్పుడూ ఎదురు పడలేదు.

కింద ఎమిల్ కళ్ళు మూసుకున్నాడు. చిత్రికతో తలుపు గీకేసరికి గంట పడుతుంది. గంట ఓర్చుకుంటే రహస్యం దక్కుతుందేమో. కాని పైన తన పేరు పిలుస్తున్న గొంతుల్ని ఒక్కొక్కటే పోల్చుకుంటున్నాడు. నూట అరవై రెండు ఇళ్ళలో ఏ ఇంటి గొంతు ఏదో ఆయనకి తెలుసు. వాళ్ళ చేత వెన్న రాయిస్తూ పడుకోవడం ఆయన వల్ల కాలేదు.

"తాళం వేసి ఉంది," అన్నాడు.

పైన చప్పుడంతా ఆగిపోయింది.

"ఏం వేసి ఉంది?" అన్నాడు రోలండ్.

"తాళం."

"ఎవరు వేశారు?"

"నేనే వేశాను. రోజూ వేస్తాను."

 వాన చినుకులు వసారా రేకు మీద పడుతున్న చప్పుడొక్కటే. అప్పుడు ఎదురింటి ఒటీలీ పొస్పిషిల్ గొంతు వినబడింది. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, ఎమిల్‌కి చిన్నప్పుడు రెండో తరగతి పాఠాలు చెప్పింది.

"ఎందుకు నాన్నా?" అంది.

ఆ ఇంట్లో నీళ్ళలో పడి ఉన్న అరవై మూడేళ్ళ పోలీసుకి ఆ క్షణాన ఏడేళ్ళు. "భయమేసి, టీచర్," అన్నాడు.

"సరే," అంది ఒటీలీ. "రోలండ్, అద్దం పగలగొట్టు. సిగ్గుపడేవాళ్ళు తర్వాత తీరిగ్గా సిగ్గుపడొచ్చు."

రోలండ్ టోపీ చేతికి చుట్టుకుని కిటికీ అద్దం పగలగొట్టాడు. అదే కిటికీ, లేవని తెర ఉన్న కిటికీ. లోపలికి దూకి, కిందికి దిగి, నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని, ఎమిల్ జేబులోంచి తాళంచెవి తీశాడు. దాన్ని ఒక్క క్షణం అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. పైకెళ్ళి తలుపు తీశాక, దాన్ని కీళ్ళ నుంచి ఊడబీకారు, మోసుకెళ్ళడానికి ఇంకేదీ లేక. అలా ఎమిల్ హ్రుష్కా తాను రోజూ తాళం వేసుకునే తలుపు మీదే పడుకుని వీధిలోకి వచ్చాడు.

బయటికొచ్చాక ఆయన తల తిప్పి చూసి, నొప్పి మర్చిపోయాడు. వసారాలో పది మందో పదిహేను మందో ఉంటారనుకున్నాడు. వీధి నిండా జనం. రాత్రి బట్టల్లో ఉన్నవాళ్ళు, సగం గడ్డం గీసుకున్నవాళ్ళు, ఒక కాలికే బూటు ఉన్నవాళ్ళు, పాలపీకలతో పసిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు. వానలో, గొడుగులు కూడా లేకుండా.

"వీళ్ళందర్నీ ఎవరు పిలిచారు?" అన్నాడు.

ఎవరూ పిలవలేదట. ఒటీలీ చెప్పింది. ఆరున్నరకి ఎమిల్ తెర లేస్తుంది, అది చూశాకే ఆవిడ పొయ్యి వెలిగించుకుంటుంది, తొమ్మిదేళ్ళుగా అంతే. ఇవాళ ఆరూ ముప్పై ఐదయినా లేవలేదు. చెప్పులు వేసుకుని వీధిలోకి వచ్చేసరికి బ్లాంచ్ అప్పటికే హోటల్ తలుపు దగ్గర నిలబడి ఇటే చూస్తోందట. బ్లాంచ్ హోటల్లో కిటికీ వైపు కుర్చీలు పొద్దున్నే నిండిపోవడం ఎమిల్‌కి తెలుసు. ఎండ కోసం కూర్చుంటారని అనుకునేవాడు. అక్కణ్ణుంచి ఆయన వంటిల్లు కనబడుతుంది. రోలండ్ రోజూ ఆరున్నరకి గోదాం నిచ్చెన ఎక్కి గాలి ఎటు వీస్తోందో చూసుకుంటాడని ఊరంతా అనుకుంటుంది. గాలి చూడటానికి నిచ్చెన ఎందుకని ఎవరూ అడగలేదు.

అన్నిటికన్నా వింత ఏంటంటే, ప్రతివాళ్ళూ ఆ పని తామొక్కరే చేస్తున్నామనుకున్నారు. ఆ వానలో ఒకర్నొకరు చూసుకుని వాళ్ళూ నోరు తెరిచారు. తొమ్మిదేళ్ళుగా ఒక మనిషి నూట అరవై రెండు కిటికీలు చూస్తున్నాడు, నూట అరవై రెండు ఇళ్ళ జనం ఆ మనిషి ఒక్క కిటికీని చూస్తున్నారు. ఈ సంగతి ఏ రెండు ఇళ్ళూ మాట్లాడుకోలేదు. ఎమిల్ తలుపు మీద పడుకుని ఆకాశం వైపు చూశాడు. ముఖం మీద వాన పడుతోంది కాబట్టి మిగతాది ఎవరికీ తెలీలేదు.

జిల్లా ఆసుపత్రిలో కాలికి కట్టు కట్టి మంచం ఎక్కించాక ఎమిల్ మళ్ళీ పద్ధతిగా ఆలోచించాడు. రోలండ్ చెప్పింది నిజమే. ఊరు తనని తాను చూసుకోగలదు, అది ఇవాళ అందరి కళ్ళముందూ తేలిపోయింది. భోజనాల చీటీ వెనకాల, నీలం సిరాతో, రాజీనామా రాశాడు. రాస్తుంటే బాధ కలగలేదు. అంత పెద్దది చూశాక తన ఉద్యోగం చిన్నదిగా కనబడింది.

శుక్రవారం రోలండ్ వచ్చాడు, చేతిలో కొలాచీల పొట్లంతో. ముఖం నాలుగు రోజులు నిద్రలేనట్టు ఉంది. ఎమిల్ చీటీ ఇచ్చాడు. రోలండ్ చదివి, దాన్ని మడిచి, తన కాఫీ కప్పు కింద పెట్టుకున్నాడు.

"మంగళవారం ఓటింగు వాయిదా వేశాం," అన్నాడు. "నువ్వు లేవు గదా, తెరలు మేమే చూసుకుందాం అనుకున్నాం. ఎవరెవరు నడుస్తారని అడిగాను. అందరూ చేతులెత్తారు."

"మంచిదేగా."

"ఏం మంచిది నా తలకాయ. బుధవారం ఏడింటికి ఊరు ఊరంతా వీధిలో ఉంది. ఇళ్ళలో తెర ఎత్తడానికి మనిషి లేడు. ప్రతి కిటికీ దించే ఉంది. నేను మూడిళ్ళలో దూరాను, మా ఇంట్లో నలుగురు దూరారు. మా ఆవిడ వెళ్ళి బ్లాంచ్ మంచం కింద చూసింది. బ్లాంచ్ మా స్నానాలగదిలో చూసింది. మొత్తం ఊరు కనబడకుండా పోయిందని షెరీఫ్‌కి ఫోను వెళ్ళింది."

ఎమిల్ మీసం కదిలింది. "వచ్చాడా?"

"యాభై ఐదు నిమిషాలకి వచ్చాడు. నిన్న పది మందికి కుదించాం. ఆ పది ఇళ్ళవీ లేవలేదు. మళ్ళీ గొడవ." రోలండ్ కొలాచీ తుంచి ఒక ముక్క ఎమిల్‌కి ఇచ్చాడు, గసగసాలది. "రాత్రి బోర్డు కూర్చుంది. నేనే అన్నాను. ఈ ఊళ్ళో అందరూ ఇంట్లో ఉండి తెర ఎత్తాలంటే, ఒకడు బయట నడుస్తూ ఉండాలి. ఆ ఒకడి కోసం కదా ఎత్తేది. ఎవడూ నడవకపోతే ఎవడి కోసం ఎత్తుతాం? ఐదుకి ఐదు ఓట్లు. ఈతకొలనుకి ఇంకోదారి చూసుకుంటాం, పిల్లలు ఈ ఏడు ఏట్లో పడి చస్తారు, అంటే, చావరు, నువ్వున్నావుగా."

ఎమిల్ చాలాసేపు నమలడం మీదే దృష్టి పెట్టాడు.

"ఇంకో మాట," అన్నాడు రోలండ్, కిటికీ వైపు చూస్తూ. "జనవరి ఫారంలో నన్ను రాస్తావా? అద్దం పగలగొట్టి దూరాను. సాక్షులు మూడొందల మంది."

"దొంగిలించే ఉద్దేశంతో దూరితేనే నేరం. ఏమన్నా పట్టుకెళ్ళావా?"

రోలండ్ జేబులోంచి తాళంచెవి తీసి చూపించాడు. "ఇది. ఆ గొడవలో నా దగ్గరే ఉండిపోయింది."

ఎమిల్ చెయ్యి చాపి, ఆ చెవి మీద రోలండ్ వేళ్ళని మూసేశాడు. "అరువు తెచ్చుకున్నావు," అన్నాడు. "తీరిగ్గా తిరిగివ్వు. గడ్డికోత యంత్రంలాగా."

పది రోజులకి ఎమిల్ ఇంటికొచ్చాడు. తలుపు మళ్ళీ కీళ్ళకి ఎక్కింది. మోసినప్పుడు పడ్డ గీతలు దానికి అలాగే ఉన్నాయి. ఆ రాత్రి పడుకోబోతూ చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్ళింది, ఖాళీగా తిరిగొచ్చింది. ఆయన కాసేపు తలుపు వైపు చూశాడు. తర్వాత నిద్రపోయాడు. గురక ఎదురింటి దాకా వినబడిందని ఒటీలీ చెప్పింది, తలుపు దగ్గరగా వేసి ఉన్నా లేనట్టేనట.

పొద్దున్న ఆరున్నరకి, కాలు బారజాపి, చక్రాల కుర్చీలో కిటికీ దగ్గరికి వెళ్ళి తాడు లాగాడు. తెర లేచింది. ఇదివరకైతే ఎత్తిన వెంటనే తాళాల పని మీద వెనక్కి తిరిగేవాడు. ఈసారి తిరగడానికి కాలూ లేదు, తీయడానికి తాళమూ లేదు. అందుకని అలాగే కూర్చున్నాడు.

ఎదురుగా ఒటీలీ వంటింటి తెర లేచింది. దాని పక్కింట్లో లేచింది. ఆ పక్కన, ఆ పక్కన. మూలమీద హోటల్, దాని వెనక చర్చి వాళ్ళ ఇల్లు, ఇటు వైపు కవలల ఇల్లు. ఎవరో ఒకే దారం పట్టుకుని వీధి పొడవునా లాగుతున్నట్టు, ఆయన కిటికీ దగ్గర మొదలై, తెరలు ఒకదాని వెనక ఒకటి పైకి పోతున్నాయి. తడి రోడ్డు మీద దీపాల వెలుగు ఒక్కో చదరంగా పరుచుకుంటూ ధాన్యం గోదాం దాకా వెళ్ళింది. తొమ్మిదేళ్ళుగా రోజూ ఇది జరుగుతోంది. ఏడింటికి నడవడానికి బయల్దేరేసరికి అంతా అయిపోయి ఉండేది. జనం క్రమశిక్షణ గలవాళ్ళని పుస్తకంలో రాసుకునేవాడు.

ఎమిల్ తాడు చేతిలో పట్టుకునే ఉన్నాడు. వదిలితే అన్నీ కిందికి పడిపోతాయేమోనన్నట్టు.

ఏడింటికి రోలండ్ మెట్లెక్కి, తలుపు నెట్టుకుని లోపలికొచ్చాడు. చక్రాల కుర్చీ తానే తోస్తానని బోర్డు ముందు ఒప్పుకున్నాడు పాపం, నూట అరవై రెండు ఇళ్ళూ. కుర్చీ బరువు చూసి మూలిగాడు. ఈ మధ్య కొలాచీలు కొంచెం తగ్గించకూడదా అని అడిగాడు.

ఎమిల్ ఒళ్ళో కొత్త పుస్తకం తెరిచి, ఆ రోజు నడవకముందే రాసేశాడు: అన్ని తెరలూ లేచాయి. కలం మూయబోయి, మళ్ళీ తెరిచి, కింద ఇంకో లైను చేర్చాడు. చూశాను.